ఇటలీ పెన్నుకి కన్వర్టర్ వెతుక్కున్న కథ

పెన్ను కొనడం తేలికే, దాంట్లో సీసా ఇంకు పోసుకోవడానికి కావలసిన కన్వర్టర్ అనే ఆ చిన్న ప్లాస్టిక్ గొట్టం సంపాదించడమే కష్టం అని ఎవరైనా ముందే చెప్పుంటే నేను నమ్మేవాణ్ణి కాదు. నా దగ్గరున్నది అరోరా టాలెంటమ్. ఇటలీలో టురిన్ నగరంలో 1919 నుంచి పెన్నులు చేస్తున్న కంపెనీ అది, పాళీలు కూడా వాళ్లే సొంతంగా చేసుకుంటారు. కొత్తది కొనాలంటే మన జీతాలకు ఆలోచించాల్సిందే, అందుకే చెన్నైలో పెన్నులు పోగుచేసే ఒకాయన తన దగ్గర ఎక్కువైనవి అమ్ముతుంటే ఆయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. నల్లటి బ్యారెల్ (పెన్ను వెనక భాగం), బంగారు పాళీ, గీత ఒక్కటి లేదు. కాగితం మీద మరీ జారిపోకుండా, రాస్తున్నట్టు చేతికి తెలుస్తూ సాగుతుంది. ఆ గుణం కోసమే కొన్నాను. అన్నీ బాగున్నాయి, కన్వర్టర్ మాత్రం లేదు. ఆయన ఎప్పుడూ కార్ట్‌రిడ్జ్‌లే (ముందే ఇంకు నింపి అమ్మే ప్లాస్టిక్ గొట్టాలు) వాడేవాడట, "ఇంటర్నెట్‌లో ఏదో ఒకటి దొరుకుతుంది సార్, పెద్ద విషయం కాదు" అన్నాడు. లోపల సగం ఎండిపోయిన కార్ట్‌రిడ్జ్ ఒకటి అలాగే ఉంచి పంపాడు.

కార్ట్‌రిడ్జ్‌లతోనే నెట్టుకురావచ్చు కదా అని ఇంట్లో అడిగారు. నా టేబుల్ మీద ఇంకు సీసాలు చూసినవాళ్లు ఆ మాట అడగరు. బ్రిల్ రాయల్ బ్లూ దగ్గర్నుంచి కలకత్తా సులేఖా, కేరళ కృష్ణా ఇంకుల దాకా వరసగా ఉన్నాయి, అవన్నీ ఈ పెన్నులో వేసి చూడాలనే కదా అసలు సరదా. కార్ట్‌రిడ్జ్ అయితే నీలం, నలుపు, మహా అయితే ఇంకో రెండు రంగులు. పైగా అయిపోయిన ప్రతిసారీ ఒక ప్లాస్టిక్ ముక్క చెత్తబుట్టలో పడేయాలి.

కొత్తగా ఇంకు పెన్నుల్లోకి వస్తున్నవాళ్ల కోసం కాస్త చెప్పాలి. పెన్ను విప్పితే పాళీ ఉన్న ముందు భాగం లోపల ఒక సన్నటి గొట్టం పైకి పొడుచుకొని ఉంటుంది. కార్ట్‌రిడ్జ్ గానీ కన్వర్టర్ గానీ మూతి దాని మీద తొడుక్కుంటుంది. చాలా పెన్నుల్లో మర ఏమీ ఉండదు, బిగుతే ఆధారం. మూతి చిన్నదైతే ఎక్కదు, పెద్దదైతే ఎక్కుతుంది కానీ గాలి దూరి ఇంకు కారుతుంది, చొక్కా జేబు సంగతి అయిపోయినట్టే. ఈ గొట్టం సైజు అందరూ ఒకటే పెట్టుంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. ప్రెషర్ కుక్కర్ రబ్బరు కోసం షాపుకెళ్తే "ఏ కంపెనీ, ఎన్ని లీటర్లు" అని అడుగుతారు చూడండి, ఇదీ అదే తంతు.

స్టాండర్డ్ ఇంటర్నేషనల్ అని ఒక సైజుంది. పెలికాన్‌లో కార్ట్‌రిడ్జ్ పడే మోడళ్లు, కరన్ డాష్, గ్రాఫ్ ఫాన్ ఫాబర్ కాస్టెల్, విస్కాంటీ, మోంటెగ్రాప్పా, వాటర్‌మాన్, ఇలా యూరప్ పెన్నులు చాలావరకు ఈ దారిలోనే ఉంటాయి. వీటికి జర్మనీ ష్మిట్ కంపెనీ కె5 కన్వర్టర్ దాదాపుగా పడుతుంది, అందుకే కె5 అంటే పెన్నుల వాళ్లందరికీ తెలుసు. జపాన్ వాళ్లది మరో లోకం. పైలట్‌ది పైలట్‌కే, సెయిలర్‌ది సెయిలర్‌కే, ప్లాటినమ్‌ది ప్లాటినమ్‌కే. ప్లాటినమ్ వాళ్లు మాత్రం కాస్త దయతలచి స్టాండర్డ్ కార్ట్‌రిడ్జ్ పెట్టుకోవడానికి వేరే అడాప్టర్ అమ్ముతారు. పైలట్‌లో ఒకే కంపెనీ లోపలే తిప్పలున్నాయి. కాన్-70 అని బటన్ నొక్కితే ఇంకు పీల్చుకునే పెద్ద కన్వర్టర్ ఉంది, మిల్లీలీటరు పైనే పడుతుంది, కస్టమ్ 74 లాంటి పెద్ద పెన్నులకు భేషుగ్గా ఉంటుంది. అదే మెట్రోపాలిటన్‌లో పెడదామంటే బ్యారెల్ పట్టదు, కాన్-40 పెట్టుకోవాలి, అందులో పట్టే ఇంకు సగం కూడా ఉండదు. లామీలో సఫారీకి జెడ్28, స్టూడియోకి జెడ్27. అంటే మూతి సరిపోతే చాలదు, బ్యారెల్ లోపలి పొడవూ వెడల్పూ కూడా సరిపోవాలి. ఇక మాబ్లాంక్ సంగతి ఇంకా తమాషా. 146, 149 పెన్నుల్లో అసలు కన్వర్టరే ఉండదు, ఇంకు పీల్చే పిస్టన్ పెన్నులోనే ఉంటుంది, 145కి మాత్రం కన్వర్టర్ కావాలి. దూరం నుంచి చూస్తే మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి. మా ఆఫీసులో ఒకాయన తన 146కి కన్వర్టర్ కావాలని ఊరంతా తిరిగాడు, పెన్ను వెనక మొన తిప్పి చూడమని చెప్పేదాకా.

ఇంతకీ అరోరా ఏ కోవలోకి వస్తుంది? అందరూ ఒకటే మాట. ఇటలీ పెన్ను కదా, స్టాండర్డే అయ్యుంటుంది, కె5 పెట్టేయ్. నా దగ్గర ఒక కె5 వేరే పెన్నులో ఉంటే తీసి ఆనించి చూశాను. మూతి గొట్టం అంచు మీదే ఆగిపోయింది. కొంచెం బలం పెడితే ఎక్కేదేమో, కానీ ఆ కొంచెం బలం పెట్టాలంటే చేతులు రాలేదు. పాత పెన్నులో ఆ గొట్టం పగిలితే కన్వర్టర్ కాదు, ముందు భాగం మొత్తం మార్చుకోవాలి, దాని ఖరీదు గురించి మాట్లాడకపోవడమే మంచిది.

సరే, కంపెనీ వాళ్లదే తెప్పిద్దాం అనుకున్నాను. యూరప్‌లో అమ్మే షాపులున్నాయి, స్టాక్ కూడా ఉంది. కన్వర్టర్ ధర ఒకెత్తు, దాన్ని ఇక్కడికి పంపే ఖర్చు దానికి రెండింతలు. ఆపైన కస్టమ్స్ వాళ్లు ఎంత వేస్తారో ఆ దేవుడికే తెలియాలి. నాలుగు అంగుళాలు కూడా లేని వస్తువుకి అంత పెట్టడం మనసొప్పలేదు. మా బావ ఉద్యోగం మీద అప్పుడప్పుడు మిలాన్ వెళ్తుంటాడు, ఫోన్ చేసి "బావా, ఈసారి వెళ్లినప్పుడు ఒక చిన్న పని ఉంది" అన్నాను. "మళ్లీ పెన్నేనా?" అన్నాడు. పెన్ను కాదు, పెన్ను లోపలి ముక్క అని చెప్తే మరీ నవ్వాడు. తెస్తానన్నాడు కానీ ప్రయాణం ఎప్పుడో తెలియదు.

ఈలోగా ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు "అన్ని లగ్జరీ పెన్నులకూ సరిపోతుంది" అని పెట్టిన యూనివర్సల్ కన్వర్టర్ కనపడింది. అలాంటిది ఉండదని తెలుసు. అయినా ధర తక్కువ, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామని రాశారు, పోనీ చూద్దామని తెప్పించాను. వచ్చింది చూస్తే కె5కి నకలు, మూతి అదే సైజు, పిస్టన్ తిప్పితే కరకర. వెనక్కి పంపుతానంటే "మీ పెన్ను ఒరిజినల్ కాదేమో సార్" అని జవాబు! ఆ మాటకి మాత్రం ఒళ్లు మండింది. డబ్బులు చివరికి వచ్చాయి లెండి, కానీ ఫొటోలు తీసి, వీడియో తీసి, మళ్లీ మళ్లీ మెసేజ్‌లు పెట్టాక. యూనివర్సల్ అని రాసి ఉన్నది ఏదైనా సరే, దాదాపుగా అది స్టాండర్డ్ ఇంటర్నేషనల్ సైజే అయ్యుంటుంది. అది పట్టే పెన్నులు ఎక్కువ కాబట్టి ఆ పేరు పెట్టి అమ్ముతారు.

అసలు పని జరిగింది అబిడ్స్‌లో. అక్కడ పాత పెన్నుల షాపుకి ఒక శనివారం వెళ్లాను. కౌంటర్ వెనక పెద్దాయన, ముందు గాజు బల్ల నిండా పాళీలు, క్లిప్పులు, రబ్బరు వాషర్లు. పెన్ను చేతికిచ్చి కథంతా మొదలుపెట్టబోతే ఆయన మధ్యలోనే ఆపి, "లోపల ఇంతకుముందు ఏముంది సార్?" అన్నారు. పాత కార్ట్‌రిడ్జ్ ఉందన్నాను. "తెచ్చారా?" తెచ్చాను, అదృష్టం కొద్దీ పెన్ను పెట్టెలోనే పడుంది. దాని మీద పేరు లేదు, ఇంకు మరకల కింద ఏమైనా అక్షరాలుంటే ఉండొచ్చు. ఆయన దాన్ని గుడ్డతో తుడిచి, వెలుగుకి పెట్టి మూతి చూసి, సొరుగులోంచి ఒక డబ్బా తీశారు. డబ్బా నిండా ఖాళీ కార్ట్‌రిడ్జ్‌లే. రకానికొకటి దాచిపెట్టుకున్నారు. లామీ, క్రాస్, షీఫర్, పైలట్, పొట్టి స్టాండర్డ్, పొడుగు స్టాండర్డ్. ఒక్కొక్కటే నా దాని పక్కన నిలబెట్టి చూస్తూ పోయారు. నాకు కొలతల బుద్ధి ఉంది కాబట్టి వెర్నియర్ కాలిపర్ తెచ్చుకోనా అని అడిగాను. "ఎందుకు సార్, కంటికి కనపడట్లేదా" అని పార్కర్ కార్ట్‌రిడ్జ్ ఒకటి పక్కన పెట్టారు. మూతి చుట్టు ఒకటే, భుజం ఒకటే, పొడవులో కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు.

అరోరా లోపల ఉన్నది పార్కర్ తరహా గొట్టం! ఇది నాకు కొత్త, ఆయనకి మాత్రం పాత విషయమే. పార్కర్ వాళ్లు 1960లో పార్కర్ 45 తెచ్చినప్పుడు పెట్టిన సైజునే ఇప్పటిదాకా మార్చలేదు. అందుకే నాన్న వాడిన పార్కర్ 45లో ఇప్పుడు షాపులో కొన్న కార్ట్‌రిడ్జ్ పెట్టినా చక్కగా కూర్చుంటుంది. ఇటలీలో విస్కాంటీ, మోంటెగ్రాప్పా లాంటి కంపెనీలు స్టాండర్డ్ వైపు పోతే అరోరా మాత్రం ఈ దారి పట్టింది. ఆయన కొత్త పార్కర్ కార్ట్‌రిడ్జ్‌ల ప్యాకెట్ చించి, ముందు ఒకదాన్ని పెన్నుకి తొడిగి చూపించారు. టక్కుమని చిన్న చప్పుడు. ఆ చప్పుడు కోసం నేను ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నానో ఆయనకి తెలియదు. తర్వాత కన్వర్టర్. పార్కర్‌లో రెండు రకాలున్నాయి, చిన్న మొన పట్టుకొని పైకీ కిందకీ జరిపేది ఒకటి, వెనక తిప్పేది ఒకటి. జరిపేది చవక, కానీ ఇంకు తక్కువ పడుతుంది, ఆ మొన బ్యారెల్ లోపలి గోడకి తగలొచ్చు కూడా. తిప్పేదే తీసుకున్నాను. కొన్ని వందల రూపాయలు, అంతే. పోస్టు ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు.

"ఆగండి, అప్పుడే డబ్బులివ్వకండి" అని బ్యారెల్ తీసి మెల్లగా మర తిప్పారు. చివరిదాకా బిగిసింది. ఇది చాలామంది చూసుకోరు. మూతి సరిపోయిందని సంబరపడి ఇంటికెళ్తే, బ్యారెల్ చివర రెండు చుట్లు ఉండగానే కన్వర్టర్ తోక తగిలి ఆగిపోతుంది. బలంగా తిప్పితే పిస్టన్ నొక్కుకొని లోపలున్న ఇంకు పాళీలోంచి బయటకొస్తుంది. ఆయన చెప్పిన ఇంకో మాట, పక్కకి కదిపి చూడమని. తొడిగాక కన్వర్టర్ వెనక చివర పట్టుకొని అటూ ఇటూ మెల్లగా ఊపితే మూతి దగ్గర కదలిక ఉండకూడదు. నాదాంట్లో వెంట్రుక వాసి కదిలినట్టనిపించింది. "అంత పర్వాలేదు, నీళ్లతో ఒక రాత్రి పెట్టి చూడండి" అన్నారు.

ఇంటికొచ్చి అదే చేశాను. ముందు పెన్ను ముందు భాగాన్ని గోరువెచ్చటి కూడా కాదు, మామూలు నీళ్లలో నానబెట్టాను. పాత ఇంకు ఎంత వచ్చిందంటే గిన్నె నీళ్లు నాలుగు సార్లు పారబోసినా నీలం పోలేదు, పాళీ కింద నాలిక సందుల్లో ఏళ్ల తరబడి ఎండిపోయిన ఇంకు. నీళ్లు తేటగా వచ్చాక కన్వర్టర్ తొడిగి, నీళ్లు పీల్చి, పాళీ కిందకి పెట్టి ఒక గ్లాసులో టిష్యూ మీద నిలబెట్టాను. తెల్లారి చూస్తే టిష్యూ పాళీ దగ్గర తడిసింది, అది మామూలే. కన్వర్టర్ మూతి చుట్టూ మాత్రం పొడిగా ఉంది. టెన్షన్ అప్పుడు తీరింది. ఇంకుతో ఈ పరీక్ష చేయొద్దు, కారితే బ్యారెల్ లోపలంతా పాకుతుంది, కడగడం నరకం.

ఇక ఇంకు పోశాను. ఒక పేజీ బ్రహ్మాండంగా రాసింది, రెండో పేజీ మధ్యలో సన్నబడి, ఎండిపోయింది. విప్పి చూస్తే కన్వర్టర్‌లో ఇంకు నిండుగా ఉంది! అది వెనక పిస్టన్ దగ్గరే అతుక్కొని ఉంది, ముందు మూతి దగ్గర గాలి బుడగ. వేలితో కొడితే కిందకి దిగుతుంది, మళ్లీ రాస్తుంది, కాసేపటికి మళ్లీ అదే కథ. కొత్త ప్లాస్టిక్ లోపల తయారీలో వాడే జిడ్డు ఏదో మిగిలుంటుంది, ఇంకు దాన్ని తడపలేక ఒక మూల ముద్దలా ఉండిపోతుంది. కొన్ని కన్వర్టర్లలో ఇందుకే ఒక బుల్లి స్టీలు గుండో, స్ప్రింగో వేస్తారు, పెన్ను కదిలినప్పుడల్లా అది అటూ ఇటూ పోయి ఇంకుని కిందకి దింపుతుంది. నాదాంట్లో అది లేదు. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క గ్లాసు నీళ్లలో వేసి, కన్వర్టర్‌లోకి పీల్చడం, వదలడం, ఓ పది నిమిషాలు అదే పని. తర్వాత మంచినీళ్లతో నురగ పూర్తిగా పోయేదాకా. సబ్బు మిగిలితే ఇంకు పల్చబడి కాగితం మీద పాకుతుంది కాబట్టి ఈ రెండో కడుగుడే ముఖ్యం. ఆ తర్వాత మళ్లీ ఆ బాధ రాలేదు.

ఇన్ని తిప్పలు పడుతుంటే నాన్న పక్కన కూర్చొని చూస్తూ, "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివిరా" అని రాజమండ్రి రత్నం పెన్ను తీశారు. ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన పెన్ను, బ్యారెల్ విప్పి ఫిల్లర్‌తో నేరుగా ఇంకు పోసేయడమే, కన్వర్టరూ లేదు, కార్ట్‌రిడ్జూ లేదు, బ్యారెలే సీసా. 1935లో గాంధీగారు రత్నంగారికి ఆ పెన్ను బాగుందని ఉత్తరం రాసిన సంగతి మా ఇంట్లో ఇప్పటికి వందసార్లు చెప్పి ఉంటారు. నిజమే, సరుకులో వంక పెట్టడానికి లేదు. కానీ ఇంకు సగానికి వచ్చాక చేతి వేడికి లోపల గాలి వ్యాకోచించి పాళీలోంచి బొట్టు రాల్చడం కూడా ఆ పెన్నుల గుణమే, ఆ విషయం నాన్న చెప్పరు. అరోరాలో అలా నేరుగా పోద్దామంటే లోపల మరల దగ్గర లోహం ఉంటుంది, ఇంకు తగిలితే తుప్పు భయం. ఆ ఆలోచన పెట్టుకోలేదు.

కన్వర్టర్ దొరకకపోతే ఇంకో దారి కూడా ఉంది. ఖాళీ అయిన కార్ట్‌రిడ్జ్‌ని కడిగి, మెడికల్ షాపులో దొరికే సిరంజితో ఇంకు ఎక్కించుకోవడం. ఈ పార్కర్ రకం కార్ట్‌రిడ్జ్‌లో కన్వర్టర్ కంటే ఎక్కువ ఇంకు పడుతుంది, నిజం చెప్పాలంటే రోజంతా రాసేవాళ్లకి ఇదే మేలు. ఒకే కార్ట్‌రిడ్జ్‌ని తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తే మాత్రం మూతి వదులైపోతుంది, అప్పుడు పారేయాలి. సూది మొన మొండిగా ఉన్నది అడగండి. మామూలు సూది అడిగితే షాపు కుర్రాడు మనల్ని చూసే చూపు వేరేగా ఉంటుంది, నన్నైతే "ఎవరికి అంకుల్?" అని అడిగాడు. పెన్నుకి అంటే నమ్మలేదు.

కొన్ని నెలలకి మా బావ మిలాన్ నుంచి అరోరా వాళ్ల సొంత కన్వర్టర్ తెచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. మూతి కొలత ఒకటే, బయటి పట్టీ వేరు, తిప్పే మొన వేరు. అరోరాది గొట్టం మీద మరింత బిగుతుగా కూర్చుంది, ఊపినా ఇసుమంత కదలిక లేదు. దీంట్లో పిస్టన్ కూడా వెన్నలా... కాదు, అంత గొప్పగా ఏం లేదు, బాగానే తిరుగుతుంది. రాతలో తేడా చెప్పమంటే కళ్లు మూసుకొని చెప్పలేను. అందుకే పెద్ద ధర పెట్టి తెప్పించుకోవాలా అని అడిగేవాళ్లకి నా సమాధానం, ఎవరైనా వస్తుంటే తెప్పించుకోండి, లేకపోతే పార్కర్‌ది చాలు. బిగుతు విషయంలో అనుమానం ఉంటే నీళ్ల పరీక్ష ఉండనే ఉంది.

మొన్న ఒక స్నేహితుడు కార్టియే పెన్ను ఫొటో పంపి, దీనికి ఏది పడుతుంది అని అడిగాడు. ఫొటో చూసి చెప్పను, ఎవరు చెప్పినా వినకు అన్నాను. ఒకే కంపెనీలో మోడల్ మారితే సైజు మారుతుంది, ఏళ్లు మారితే లోపలి మర మారుతుంది. లోపల పాత కార్ట్‌రిడ్జ్ ఉంటే పారేయకుండా ఉంచి, పెన్నుతో పాటు షాపుకి తీసుకురమ్మన్నాను. పాతది లేకపోతే నా దగ్గర కూడా ఇప్పుడు ఖాళీల డబ్బా ఒకటి తయారైంది, వచ్చే ఆదివారం ఇంటికొస్తే కూర్చొని చూద్దాం అని చెప్పాను. వస్తానన్నాడు, పెన్నుతో పాటు వాళ్లావిడ ఇంకో రెండు పాత పెన్నులు కూడా ఇచ్చి పంపుతుందట. అరోరా కన్వర్టర్‌ని ఇప్పుడు నాన్న పార్కర్ 45లో పెట్టాను, సరిగ్గా పట్టింది. అరోరాలో పార్కర్‌దే నడుస్తోంది, ప్రస్తుతానికి సులేఖా నలుపుతో.